వడ్డించేవాళ్ళు మనవాళ్ళైతే

మా గోదావరి వైపు బంతిలో కూర్చున్నవాడు విస్తరి మీదకి వంగిపోయి, రెండు చేతులూ అడ్డం పెట్టి "ఇక నావల్ల కాదు బాబోయ్" అని మొరపెట్టుకుంటే, ఆ వేళ్ళ సందుల్లోంచే ఇంకో గరిటెడు పులిహోర జారవిడుస్తారు. అదీ మర్యాద. ఒక్కసారి వద్దనగానే సరేనని వెళ్ళిపోయిన ఇంటివాళ్ళ గురించి "పెట్టడం తెలీని మనుషులు" అని ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటారు. వద్దనడం తినేవాడి ధర్మం, వినకపోవడం పెట్టేవాడి ధర్మం. ఎవరి పాత్ర వాళ్ళకి కంఠతా వచ్చిన నాటకమిది.

రెండున్నరేళ్ళ మా మనవరాలికి ఈ నాటకం సంగతి తెలీదు. అది వద్దంటే వద్దే. నోరు బిగిస్తుంది, తల తిప్పుతుంది. బతిమాలి ఒక ముద్ద లోపలికి నెడితే దాన్ని బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. ఓ రాత్రి టీవీలో వార్తలు మొదలై, అయిపోయి, వాటి మీద చర్చ కూడా అయిపోయాక చూస్తే ముద్ద ఇంకా బుగ్గలోనే ఉంది. స్విస్ బ్యాంకులో సొమ్ము కూడా అంత భద్రంగా ఉండదు.

అన్నప్రాసన నాడు ఇది మమ్మల్ని మహా ఆశపెట్టింది. ఎదురుగా పుస్తకం, కలం, బంగారం పరిచి పాకమంటే వాటన్నిటినీ దాటుకెళ్ళి పరమాన్నం గిన్నెలో చెయ్యి పెట్టింది. తిండిపుష్టి గల పిల్లని మా ఆవిడ మురిసిపోయింది. ఏడాది నిండేదాకా ఆ మురిపెం సాగింది కూడా. తర్వాతే కథ అడ్డం తిరిగింది.

మొన్న ఒక పొద్దున ఇడ్లీ పెట్టాం. ఇడ్లీ తింటుంది, అందులో గొడవ లేదు. కానీ తినడానికి వీలుగా ఉంటుందని మా ఆవిడ దాన్ని రెండుగా తుంపింది. పిల్ల ఆ రెండు ముక్కల్నీ చూసింది. పెదవి వంకర తిరిగింది.

"అతికించు అమ్మమ్మా."

"విరిగింది అతుకుతుందా నా తల్లీ? రుచి ఒకటే కదమ్మా, తిను."

"అతికించూ!"

నేతితో అతికించబోతే జారింది. కొబ్బరి పచ్చడితో అతికిస్తే, ఇడ్లీకి "ఛీ" అంటుకుందంది. ఇంకో ఇడ్లీ తెచ్చాం, గుండ్రంగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా. అది ఆ ఇడ్లీ కాదంది. చివరికి అల్లుడు రెండు ముక్కల్నీ దగ్గరికి నొక్కిపట్టి, ఆఫీసుకి టైమవుతున్నా అలాగే నిలబడితే, నడిమధ్యన ఓ చిన్న కొరుకు కొరికి "అయిపోయింది" అంటూ కుర్చీ దిగిపోయింది.

ఇంట్లో తలా ఒక వైద్యం. దిష్టి అని మా ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పులో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. ఆ ఘాటుకి పై అంతస్తువాళ్ళు కూడా తుమ్మారు, అయినా దిష్టేనంది. పక్కింటావిడ నులిపురుగులంది. అల్లుడు చేతికి ఫోనిచ్చాడు. నేను ఆకలి పుట్టించే టానిక్ రాయించుకుందామని అందర్నీ పిల్లల డాక్టరు గారి దగ్గరికి బయల్దేరదీశాను.

ఆయన టానిక్ రాయలేదు. పిల్లని తూచి, ఎత్తు కొలిచి, గ్రాఫు మీద చుక్క పెట్టారు. "మూడు కిలోలతో పుట్టిన పిల్ల ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాది మొత్తం మీద రెండు, రెండున్నర కిలోలు పెరుగుతుందంతే. పెరగడం నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. మొదటి ఏడాది జోరే సాగితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి తాతగారూ" అన్నారు. వేశాను. ఏటా మూడింతలంటే రెండేళ్ళకి 27 కిలోలు, మూడేళ్ళకి 81. ఎత్తుకు తిప్పాల్సింది నేను. మళ్ళీ టానిక్ ఊసెత్తలేదు.

పాలెన్ని తాగుతుందని అడిగారు. అన్నం తినలేదు, పాలైనా తాగనీ అని మా ఆవిడ పోస్తూనే ఉంటుందని చెప్పాం. రోజుకి అరలీటరు దాటనివ్వొద్దన్నారు. పాలతోనే కడుపు నిండితే అన్నానికి చోటేదీ? పైగా పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, వాటి మీదే బతికితే రక్తహీనత. తినలేదని పాలు, పాలు తాగింది కనుక తినదు. ఈ గానుగ చుట్టూ ఇంటిల్లిపాదీ తిరుగుతున్నామన్నమాట.

కొత్త తిండంటే భయం కూడా ఈ వయసులోదేనట. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య బాగా ముదురుతుంది. నడక వచ్చిన పిల్ల చేతికందిన ఆకూ అలమూ నోట్లో పెట్టుకోకుండా ప్రకృతి పెట్టిన కాపలా అని శాస్త్రజ్ఞుల ఊహ. కాబోలు. మా ఇంట్లో తోటకూర వైపు అది చూసే చూపు మాత్రం అచ్చం చెక్‌పోస్టు పోలీసు చూపే.

మా అమ్మాయి ఒక రాత్రి క్లారా డేవిస్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు గురించి చదివి వినిపించింది. 1920లలో ఆవిడ తల్లిపాలు మానే వయసు పిల్లల ముందు ట్రేలో రకరకాల పదార్థాలు పెట్టించి, ఏది కావాలో వాళ్ళనే తేల్చుకోమంది. నర్సులు చెంచా పట్టుకుని నోరు మూసుకుని కూర్చోవాలి. పిల్లాడు దేనికైనా చెయ్యి చాస్తేనే పెట్టాలి. తిన్నా తినకపోయినా ఒక్క మాట అనకూడదు.

"మరి వాళ్ళకి జీతాలెందుకూ?" అంది మా ఆవిడ.

1939లో ఆ డాక్టరమ్మ ఫలితాలు చెప్పింది: 15 మంది పిల్లలూ, ఎవరి పద్ధతిలో వాళ్ళు తిని, దుక్కల్లా తయారయ్యారు. రికెట్స్ ఉన్న ఒక పిల్లాడు కాడ్ లివర్ ఆయిల్ తనంతట తనే తాగి, జబ్బు తగ్గాక మానేశాడు. అలాగని పిల్లల్ని కిరాణా కొట్లో వదిలెయ్యమని కాదు. ఆ ట్రేలో పంచదార లేదు, బిస్కెట్ లేదు. కిటుకంతా అక్కడుందని ఆవిడే చెప్పింది. మా ఇంట్లో బిస్కెట్ డబ్బా పిల్లకి ఎదురుగా, దాని కంటికి సరిగ్గా తగిలే ఎత్తులో ఉండేది.

దరిమిలా ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఈ పంచాయితీని పంపకాలు వేసి తేల్చేసింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల వాటా. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల వాటా. మా ఆవిడకిది మింగుడుపడలేదు. "ఎంత తినాలో దానికేం తెలుసండీ?" అంది. ఇంట్లో ఆ సంగతి తెలిసింది దానికొక్కదానికే. కడుపు నిండాక కూడా పెళ్ళిళ్ళలో మూడో జాంగ్రీకి చెయ్యి చాచేది మనం.

ఆ మాటకొస్తే ఎంపికలు లేనిదెవరికి? అల్లుడు కాకరకాయ ముట్టడు. "ఆయనకి పడదు" అని వేరే కూర చేస్తారు. నేను కరివేపాకు ఏరి పళ్ళెం అంచున పేరుస్తాను, అది అలవాటు. పిల్ల ఉప్మాలో ఆవగింజలు ఏరితే మాత్రం పెంకితనం!

ఫోను పోయింది. రెండేళ్ళ లోపు అసలు వద్దనీ, ఐదేళ్ళ దాకా రోజుకి గంట దాటొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళే చెప్పారు. చందమామని చూపించి గోరుముద్దలు తినిపించడం కూడా ఏమార్చడమేగా అని అల్లుడు వాదించాడు. నిజమే. కానీ చందమామ అయిపోగానే దానంతట అది ఇంకో చందమామ మొదలవ్వదు.

బరువు తగ్గుతున్నా, కాస్త గట్టి పదార్థమేదైనా గొంతుకి అడ్డం పడుతున్నా, తినేవాటి జాబితా నాలుగైదింటికి కుంచించుకుపోతున్నా నాలాంటివాడి రాతలు పక్కన పడేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాది ఆ కేసు కాదు. మాకు బీరకాయతో కొత్త ఒప్పందం. పప్పన్నం పక్కన ఒక ముక్క పెడతాం, మాట్లాడం. పది పదిహేనుసార్లు కంటబడితే గానీ కొత్త కూర చుట్టం కాదట. మొదట్లో నేలపాలయ్యేది. తర్వాత కాకికి పెట్టింది. నిన్న ఎవరూ చూడటం లేదనుకుని ఒకసారి నాకి, దాన్ని మళ్ళీ పళ్ళెంలోనే పెట్టింది. మా ఆవిడ "నా బంగారుకొండ, ఇంకొక్కసారీ..." అనబోయి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

మిగిలిన పప్పన్నం నా ముందుకి జరిగింది. అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారెయ్యకూడదు. ఈ మధ్య రోజూ ఇదే తంతు. పిల్ల గ్రాఫు తిన్నగానే వెళుతోంది, బెల్టుకి కొత్త చిల్లు పడింది నాకే. వద్దన్నాను. నావి రెండున్నరేళ్ళు కావు గదా, ఎవరూ వినిపించుకోలేదు.