నీటి బండి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

మూత తీసి చూడు మురికి తుడువుమయ్య
ఒక్క రోమమైన నోడ ముంచు
సీసమెల్లఁ దీసి సెల్లు లమరఁజేయఁ
దేలిపోవు బండి తెలిసికొనుము

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. చేతికి గ్రీజు అంటినవాడని మాత్రం రెండో పాదం చెబుతోంది. వస్తువు డైవర్ స్కూటరు: నీళ్లు చొరని గొట్టం, అందులో బ్యాటరీ, మోటారు, వెనక పంకా. డైవరు పట్టుకుంటాడు, అది లాక్కుపోతుంది. 1965లో ‘థండర్‌బాల్’ సినిమాలో ఈ జాతి వాహనాలు నీళ్లకింద యుద్ధమే చేశాయి. ఫ్లోరిడాలో వకుల్లా నీటిగుహలను శోధించిన వుడ్‌విల్ కార్స్ట్ ప్లెయిన్ ప్రాజెక్టు వారికి ఇవే కాళ్లు. లియోన్ సింక్స్ గుహలకూ వకుల్లాకూ నీటి అడుగున దారి ఉందని వాళ్లు 2007లో తేల్చారు. ఆ మోజు తగులుకున్న గృహస్థులు 1980ల నాటి టెక్నా స్కూటర్లను సెకండ్‌హ్యాండ్‌లో కొని గ్యారేజీలో విప్పుతారు. పద్యం వారికోసం పుట్టింది.

ప్రతిపదార్థం

అయ్య = ఓ గ్యారేజీ గృహస్థుడా; మూత తీసి = కొక్కేలు విప్పి, మూతను వంకరగా పెకలించక తిన్నగా లాగి; చూడు = టార్చిలైటు పట్టి చూడుము; మురికి = ఇసుకను, ఉప్పును, ఎండిన గ్రీజును, వెనకటి యజమాని పాపములను; తుడువుము = నూగు రాలని గుడ్డతో తుడువుము; ఒక్క రోమమైనన్ = పిల్లిదైనను, నీ గడ్డపుదైనను, ఒక్క వెంట్రుకయే; ఓడన్ = స్కూటరును; ముంచున్ = ముంచివేయును; సీసమెల్లన్ తీసి = పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలను పీకి; సెల్లులు = లిథియం సెల్లులను; అమరఁజేయన్ = పొందుపరచినచో; బండి = ఆ స్కూటరే; తేలిపోవున్ = నిన్ను విడిచి పైకి పోవును; తెలిసికొనుము = డబ్బు కట్టకముందే గ్రహింపుము.

తాత్పర్యం

మోటారు జోలికి తరవాత పోవచ్చు. ముందు రబ్బరు రింగు సంగతీ, బరువు సంగతీ చూసుకోవాలి.

విశేషాలు

రోమం సంగతి. మూతకూ గొట్టానికీ మధ్య ఉండే ఓ-రింగు మీద వెంట్రుక అడ్డం పడితే దాని పక్కనే నీటికి సందు దొరుకుతుంది. లోతుకు పోయేకొద్దీ కారడం ఎక్కువవుతుంది కదా అని పూర్వపక్షం. అది సాధువు కాదు. 20 సెంటీమీటర్ల వెడల్పు మూత మీద 30 మీటర్ల లోతున నీటి ఒత్తిడి 900 కిలోలు దాటుతుంది. ఆ ఒత్తిడి మూతను బిగిస్తుంది, రింగును గాడిలోకి నొక్కుతుంది. కారడం తరచు పైపైనే, రింగు ఇంకా కుదురుకోని అర మీటరు లోతులో మొదలవుతుంది. అందుకే తెలిసినవాళ్లు మూత పెట్టాక చేతిపంపుతో లోపలి గాలి కొంత లాగేసి, మీటరు ముల్లు నిలబడుతుందో లేదో కాసేపు కూర్చుని చూస్తారు.

రింగును స్క్రూడ్రైవరుతో పీకేవాళ్లున్నారు. గాడిలో పడ్డ గీత వెంట్రుకకు పెద్దన్న. పాత ప్లాస్టిక్ కార్డు అంచు చాలు. ఇక గ్రీజు: నీటిని ఆపేది రింగే కాని గ్రీజు కాదు. రింగు నిగనిగలాడాలి, గ్రీజు కంటికి కనబడకూడదు. ముద్దలుగా పూస్తే ఇసుకకు విందు పెట్టినట్టే.

సీసం సంగతి. ఇక్కడ కవికి సాష్టాంగపడుతున్నాను. 12 కిలోల పాత బ్యాటరీల చోట 4 కిలోల లిథియం పెట్టారనుకోండి. గొట్టం సైజు మారలేదు, అది తోసే నీరూ మారలేదు. 8 కిలోల బరువు మాత్రం పోయింది. ఆర్కిమెడీస్ సిరాక్యూస్‌లో చెప్పిన మాట ఫ్లోరిడాలోనూ చెల్లుతుంది: బండి చెయ్యి వదిలించుకుని ఆకాశమార్గం పడుతుంది. కనక తేలికైన సెల్లులకు డబ్బు పోసి, మళ్లీ డైవింగ్ షాపుకు పోయి 8 కిలోల సీసం కొని అందులోనే కూర్చాలి. దక్కిన లాభం ఎక్కువ దూరం పోవడమే, మోత బరువు తగ్గడం కాదు. అదీ తగ్గాలంటే గొట్టాన్నే కోసి పొట్టి చెయ్యాలి. ఆ రంపం పట్టేముందు ఇంట్లోవాళ్లతో ఒక మాట అనుకోవడం మంచిది. కూర్చిన సీసం ముందుకు జరిగితే బండి ముక్కు దించుతుంది, వెనక్కి జరిగితే ఎత్తుతుంది. 30 లీటర్ల బండి మంచినీటిలో సరిగ్గా తూగినా, సముద్రంలో ఇంకో 750 గ్రాములు అడుగుతుంది.

పాత మోటారు 24 వోల్టులదైతే ఏడు సెల్లుల వరస పెడతారు. నిండా చార్జి అయితే అది 29.4 వోల్టులు. మోటారు సంతోషించి వేగం పెంచుతుంది, బ్రష్‌లు ఆయుష్షు తగ్గించుకుంటాయి.

కవి చెప్పనిది ఒకటుంది. అది క్షమించరాని దోషం. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వదలవచ్చు. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అదే గొట్టంలో ఉన్న మోటారు బ్రష్‌ల దగ్గర రవ్వలకు కరువు లేదు. మూత బిగించి చార్జి పెట్టి, తరవాత స్విచ్చి నొక్కినవాడికి పద్యం పూర్తిచేసే అవసరం ఉండదు. పాత బ్యాటరీలే ఉంచుకునేవారు మూత తీసే చార్జి చెయ్యాలి, గాలి ఆడేదాకా మూయకూడదు.

అలంకారం. స్కూటరును ఓడ అనడం అతిశయోక్తి అని కొందరంటారు. ఉప్పునీళ్లు తాగిన కొత్త లిథియం ప్యాకు బిల్లు చూసినవారికి అది స్వభావోక్తి.

ప్రయోగం. బాగుచేసిన బండిని తిన్నగా గుహలోకి తీసుకుపోకండి. ముందు స్విమ్మింగ్ పూల్లో, నిలబడితే తల బయట ఉండే లోతులో ముంచి చూడండి.