కాలం చేసిన క్యాలెండర్

గోడ క్యాలెండర్‌కి డిసెంబర్ 31న పోయే హక్కుంది. కాగితాలు అయిపోతాయి, మేకు ఖాళీ అవుతుంది, కిరాణా కొట్టాయన ఇంకోటి చుట్ట చుట్టి చేతిలో పెడతాడు. అసలు కాగితమే లేని విండోస్ క్యాలెండర్ యాప్‌కి ఏం రోగం? అది కూడా సరిగ్గా అదే రోజున, 2024 డిసెంబర్ 31న పోయింది. మెయిల్, పీపుల్ యాప్‌లనీ వెంట తీసుకుపోయింది. ఆ రోజుతో మద్దతు ఆపేస్తున్నామని మైక్రోసాఫ్ట్ ముందే చాటింపు వేసింది. రోజు చూసుకుని మరీ ప్రాణం వదలడం భీష్ముడి తర్వాత దీనికే చెల్లింది.

ఇది మొదటి చావు కూడా కాదు. 2007లో విస్టాతో పుట్టింది. 2009లో విండోస్ 7 వచ్చేసరికి మాయమైంది. కావలసినవాళ్ళు లైవ్ ఎసెన్షియల్స్ అనే మూట విడిగా దింపుకోండి, అందులో మెయిల్ పక్కన ఓ మూల క్యాలెండర్ ఉంటుంది అన్నారు. 2012లో విండోస్ 8తో మళ్ళీ అవతరించింది. 2017 జనవరిలో ఆ మూటనీ గంగలో కలిపారు. జనానికి తేదీలు గుర్తుచేయాల్సిన వస్తువు ఇది!

పోయినదాని మీద అబద్ధాలెందుకు, గుణాలూ చెప్పాలి. తేలికైన యాప్. పైసా అడగలేదు. జీమెయిల్ ఖాతా అయినా ఐక్లౌడ్ అయినా మొహం చిట్లించకుండా కలుపుకుంది. విండోస్ 10లో మూలనున్న గడియారం నొక్కితే ఆ రోజు పనులన్నీ కనిపించేవి, కొత్త పనీ అక్కడే రాసేయగలిగేవాళ్ళం. ఇక దేశాల టైముల లెక్కలో దానికి వంక పెట్టలేం. న్యూయార్క్ మేనేజర్ ఉదయం పదింటికి పెట్టే మీటింగ్ చలికాలంలో మాదాపూర్ కుర్రాడికి రాత్రి 8:30కి పడుతుంది. మార్చి రెండో ఆదివారం అమెరికా వాళ్ళు గడియారం ముందుకు తిప్పగానే అదే మీటింగ్ 7:30కి వచ్చి కూర్చుంటుంది. కుర్రాడు మర్చిపోయినా యాప్ మర్చిపోయేది కాదు. వాడి భోజనం వేళ తప్ప అన్నీ సర్దేది.

ఇంత చక్కగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? 2021లో విండోస్ 11 తెచ్చి, గడియారం కింద పనుల జాబితా పీకేసి వట్టి తేదీల గళ్ళు మిగిల్చారు. ఈరోజు ఎన్నో తారీకో చెప్పేది. ఈరోజు ఏం చేయాలో అడిగితే గుడ్లప్పగించి చూసేది.

పోయిన యాప్ తెలివి కూడా కొద్దిగా చూడాలి. మనం మార్చకపోతే 15 నిమిషాల ముందు గుర్తుచేసేది. పక్క గదిలో మీటింగ్‌కి అది చాలు. రాజమండ్రిలో మేనమామ కూతురి పెళ్ళికి, ముహూర్తం ఇంకో పావుగంట ఉందనగా కూకట్‌పల్లిలో టింగుమంటే ఏం చేయాలి? అక్షింతలు స్క్రీన్ మీద చల్లాలి. మార్చుకోవచ్చు కదా అంటారు. పెళ్ళీ గుర్తుంచుకుని, గడువు మార్చడమూ గుర్తుంచుకునేవాడికి యాప్ దేనికి?

వారసుడి పేరు కొత్త ఔట్‌లుక్. డబ్బు కట్టనివాళ్ళ ఉత్తరాల మధ్య ప్రకటనలు కూర్చోబెడుతుంది. జీమెయిల్ ఖాతా కలిపితే ఉత్తరాలు, తేదీలు, పరిచయస్తుల వివరాలు, అన్నిటి నకలూ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి లాగుతుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్ళాలో చూసి చెప్పవయ్యా అంటే బీరువా తాళాలు అడిగినట్టుంది.

అసలు కోపం ఇంకోచోట ఉంది. మైక్రోసాఫ్ట్‌కి హైదరాబాద్ కొత్త కాదు. 1998 నుంచి ఇక్కడ వాళ్ళ అభివృద్ధి కేంద్రం ఉంది. 2014 నుంచి సంస్థను నడిపిస్తున్న సత్య నాదెళ్ళ ఈ ఊళ్ళోనే పుట్టారు. అయినా విండోస్ 10 గడియారం కింద రెండో క్యాలెండర్ కావాలంటే దొరికేది చైనా చాంద్రమానం ఒక్కటే, అదీ రెండు రకాల లిపుల్లో! అంటే చంద్రుడు తెలియక కాదు. అధికమాసం లెక్క రాక కూడా కాదు, చైనావాళ్ళకీ అధికమాసం ఉంది. మన తిథి దగ్గరికొచ్చేసరికే చంద్రుడికి మబ్బు పట్టింది.

ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. ‘ప్రతి ఏటా’ అని నొక్కి నిద్రపోతే ఈ యాప్ జీవితాంతం మార్చి 22నే పచ్చడి కలపమనేది. ఉగాది సెలవుల జాబితాలో దొరుకుతుందిగా అనేవాళ్ళున్నారు. నిజమే. మా నాన్న తద్దినం ఏ సెలవుల జాబితాలో దొరుకుతుంది? ఈ యాప్ లెక్కన ఆయనకి ఏటా ఇంగ్లీషు తారీకు చూసుకునే ఆకలేయాలి. పిండం ఓ పది రోజులు అటూ ఇటూ అవుతుంది, దయచేసి సర్దుకోండి అని పితృదేవతలకి కబురు పంపే సదుపాయం కొత్త ఔట్‌లుక్‌లో ఎప్పుడో పెడతారు. పైన ఒక ప్రకటన, కింద ఒక ప్రకటన.