మాత్ర వద్దంటే మీరు తగ్గకండి

మతిమరుపు జబ్బున్న మామగారు మాత్ర వద్దని పెదవులు బిగించారంటే, అది మీ మీద పంతమేనని ముందే ఖాయం చేసుకోండి. నోరెండిందా, గొంతులో పట్టేస్తోందా, నిన్నటిది వేసుకున్నాక కడుపులో తిప్పిందా అని ఆరా తీయొద్దు. ఈ జబ్బుకిచ్చే డోనెపెజిల్ మాత్రతో కొందరికి వికారం వస్తుంది, రాత్రిపూట వేసుకుంటే పీడకలలూ వస్తాయి. ఆయన నోటితో చెప్పలేరు కదా, మనకెందుకు?

ఇక వాదన. "మామయ్యగారూ, మీకు అల్జైమర్స్ అని డాక్టరుగారు చెప్పలేదూ?" అని నిలదీయండి. చెప్పింది గుర్తుండకపోవడమే ఆ జబ్బు. తమకు జబ్బుందన్న ఎరుకే చాలామందికి ఉండదు. బాగున్నవాడికి మాత్రెందుకని ఆయన అడిగితే తర్కం ఆయన వైపే ఉంటుంది, కాబట్టి మీరు గొంతు పెంచాలి. స్కానింగ్ ఫిల్మ్ కిటికీకి ఎత్తి చూపించండి. రిటైర్డ్ హెడ్మాస్టరైతే మరీ మంచిది, ఊరి పిల్లలందర్నీ గదమాయించిన మనిషిని గదమాయించే భాగ్యం ఎందరికి దక్కుతుంది? అమెరికా మరిది వీడియో కాల్‌లో "గట్టిగా చెప్పండి వదినా" అంటాడు, వినండి. కాస్త ఆగి, 20 నిమిషాల తర్వాత నవ్వుతూ నీళ్లగ్లాసుతో వెళ్తే ఒక్కోసారి మారుమాట లేకుండా వేసేసుకుంటారు. కానీ అదీ ఒక గెలుపేనా? కేకలేస్తే గొడవ మరిచిపోయినా మిమ్మల్ని చూస్తే బెదురు మాత్రం మిగులుతుంది. ఆ పలుకుబడి వదులుకోకండి.

అప్పటికీ లొంగకపోతే రోలు తీయండి. ఉన్న మాత్రలన్నీ కలిపి దంచి పెరుగన్నంలో కలిపేయండి. స్ట్రిప్ మీద ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే పట్టించుకోవద్దు. అవి మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదలాల్సిన మాత్రలు. దంచితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది, షుగర్ మాత్రయినా బీపీ మాత్రయినా. ఏది నూరొచ్చో, ఏది నూరకూడదో మందుల షాపు ఫార్మసిస్టుకు తెలుసు. అందుకే అడగొద్దు. అన్నం చేదెక్కి, "నాకు విషం పెడుతున్నారు" అని ఆయన పక్కింటివాళ్లకు చెప్పుకుంటే, అనుమానం కూడా జబ్బులో భాగమేనని మీరు సర్దిచెప్పండి. మర్నాటి నుంచి అన్నమూ ముట్టరు. బియ్యం ఆదా.

వేసుకున్నారో లేదో తేలకపోతే ఇంకోటి వేయండి. బీపీ పడిపోయి బాత్రూంలో కూలబడితే తేలుతుంది, ముందే వేసుకున్నారని.

మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లకండి. అన్నీ చూసి, అక్కర్లేనివి కొన్ని తీసేస్తారు. కొన్నిటికి సిరప్ ఉందంటారు. రివాస్టిగ్మిన్ అయితే రోజుకొకటి చర్మానికి అంటించే ప్యాచ్ ఉంది, మింగే పనే లేదంటారు. అంతా అంత తేలిగ్గా తేలిపోతే ఇంట్లో మీ కష్టం ఎవరికి తెలుస్తుంది?

పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ అని ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14567. దాన్ని ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టుకోకండి.