పాపమంతా అప్‌గ్రేడ్‌దే!

దీపావళికి మూతపడ్డ సూరత్ బట్టల మార్కెట్లు లాభ పంచమికి గానీ మళ్లీ తెరుచుకోవు. ఆఫీసుల్లో జనం ఉండరు కాబట్టి కంప్యూటర్ విభాగాలకు అంతకు మించిన ముహూర్తం లేదు. సర్వర్ అప్‌గ్రేడ్ మొదలవుతుంది, సగంలో ఆగుతుంది. తీర్పు మాత్రం క్షణాల్లో వెలువడుతుంది: “కొత్త వెర్షన్ దండగ, పాతదే నయం.” ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లకు కనీసం ఆడి చూసిన అనుభవమైనా ఉంది. వీళ్లు మాత్రం తమ డైరెక్టరీని ఏనాడూ తెరిచి చూడలేదు.

ఉద్యోగి పేరు, ఫోను, ఈమెయిల్, పాస్‌వర్డ్ ఉండేది ఆ డైరెక్టరీలోనే. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఎల్‌డాప్ పద్ధతిలో ప్రతి గడికీ ఒక నియమం ఉంది. ఫోను లేకపోతే డేటా ఎక్కించే ఫైల్లో ఆ వరసే రాయకూడదు. ఖాళీ విలువ పెడితే చెల్లదు. కొన్ని పాత సర్వర్లు ఇలాంటివి తనిఖీ చేయకుండానే మింగేశాయి. కొత్త సర్వర్ మింగదు. ఏ గడి చెల్లదో, ఫైల్లో ఎన్నో వరస దగ్గర ఆగిందో కూడా చెప్పి మరీ ఆగుతుంది. అయినా ఆ సందేశాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లే గానీ, ఆ వరస దాకా వెళ్లి చూసేవాళ్లు తక్కువ.

ఇక ఇంటిపేరు సంగతి. సూరత్ మగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు తరాలుగా పనిచేస్తున్నారు. గుజరాతీల పేర్లలో తండ్రి పేరూ ఇంటిపేరూ పూర్తిగా ఉంటాయి. మనవాళ్ల కాగితాల్లో ఇంటిపేరు చాలాసార్లు ముందుండే ఒంటి అక్షరమే. డైరెక్టరీలో మనిషి నమోదుకు ఇంటిపేరు తప్పనిసరి. గుమాస్తా ఏం చేస్తాడు? ఆ గడిలో ఒక చుక్క పెడతాడు. ఆ లెక్కన మన దేశపు ఆఫీసుల్లో చుక్కవారిది మహావంశమే! చుక్క కూడా అక్షరం కిందే లెక్క కనుక సర్వర్ నోరు మెదపదు. పేరుకీ ఇంటిపేరుకీ మధ్య చుక్క పెట్టి ఈమెయిల్ అల్లే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు బండారం బయటపడుతుంది. వెంకటేశం చిరునామా ‘వెంకటేశం చుక్క చుక్క’ అవుతుంది. వరుసగా రెండు చుక్కలున్న చిరునామా ఈమెయిల్ నియమాల ప్రకారం చెల్లదు.

ఈ జబ్బు ఒక్క ఊరిది కాదు. ఎల్‌డాప్ సర్వర్లలో ఒకటైన ఓపెన్‌ఎల్‌డాప్‌లో, 2002లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి ఒకే నమోదును ‘ఖాతా’గానూ ‘మనిషి’గానూ రాస్తే చెల్లదని సర్వర్ తిప్పికొట్టసాగింది. అంతకుముందు అలా రాసుకున్న సంస్థలన్నీ గగ్గోలు పెట్టాయి. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2003 మారుపేర్లలో ఖాళీ జాగాలను చూసీచూడనట్టు వదిలేస్తే, 2007 వెర్షన్ అవి చెల్లవంది. మారింది కాపలాదారు, సరుకు పాతదే.

అప్పుడు నిపుణుడు రంగప్రవేశం చేస్తాడు. ఓపెన్‌ఎల్‌డాప్‌లో డేటా ఎక్కించే స్లాప్‌యాడ్‌కు ఉన్న మీటల్లో ఇక్కడ చెప్పుకోవాల్సినవి మూడు. ‘యు’ నొక్కితే ఏమీ రాయకుండా ఉత్తుత్తి పరీక్ష జరుగుతుంది. ‘సి’ అంటే తప్పులొచ్చినా సాగిపో. ‘ఎస్’ అంటే నియమాల తనిఖీయే వద్దు. నియమాలకు సరిపోని మామూలు నమోదులను ‘ఎస్’తో ఎక్కిస్తే సర్వర్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేమని మాన్యువల్ హెచ్చరిస్తుంది. నిపుణుడి వేలు సరిగ్గా ‘సి’, ‘ఎస్’ల మీదే పడుతుంది. సర్వర్ లేస్తుంది, చప్పట్లు మోగుతాయి. చెల్లని నమోదులు కొత్త ఇంట్లో గృహప్రవేశం చేస్తాయి.

నెల ముందే ‘యు’, ‘సి’ కలిపి నొక్కి చూస్తే తప్పుల చిట్టా చేతికొచ్చేది. దాన్ని దిద్దాల్సింది హెచ్ఆర్ అని కంప్యూటర్ విభాగం, కంప్యూటర్ విభాగమని హెచ్ఆర్ వాదించుకోవడానికీ బోలెడు వ్యవధి దొరికేది. కానీ అందరూ సంతకాలు పెట్టిన అప్‌గ్రేడ్ ప్రణాళికలో ఆ పనికి గడి లేదు. కేకు కోతకు మాత్రం ఉంది, సాయంత్రం అయిదింటికి.