బిల్లు కట్టేవారి పేరు బిల్లు మీద ఉండొద్దా?

తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల పెద్దలకు,

విషయం: అద్దెకుండేవారిని కూడా కరెంటు వినియోగదారులుగా గుర్తించమని మనవి.

అయ్యా,

ముందుగా మీ జ్ఞాపకశక్తికి నమస్కారం. ఇల్లు అమ్ముకుని పోయినవారినీ, కాలం చేసినవారినీ కూడా మీ బిల్లులు మరచిపోవు. పేరు మార్పించే నాథుడు దొరికేదాకా వారు మీ రికార్డుల్లో చిరంజీవులే. అడ్వాన్సు కట్టి, పాలు పొంగించి, ఆ ఇంట్లో ఫ్యాను తిప్పుకుంటున్న మనిషి మాత్రం మీ కంటికి ఆనడు. నిజానికి 2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఇంటి యజమాని అడిగినా, అందులో ఉంటున్నవారు అడిగినా కరెంటు ఇవ్వాలంటుంది. ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదని అద్దెకుండేవారికి కరెంటు కాదనకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా ఓనరు సంతకం లేని దరఖాస్తు ముందుకు కదలడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు.

పేరు లేకపోతే పోయేదేమిటంటారా? డబ్బే. వినియోగదారుగా పేరు లేనివారికి విడి మీటరూ దక్కదు మరి. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లున్న ఇల్లు తీసుకోండి. ఒక్కో కుటుంబం నెలకు 150 యూనిట్లు కాలుస్తుందనుకుందాం. 2022–23 టారిఫ్ లెక్కన విడి మీటర్లుంటే మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, మిగతా 50కి 4.80 చొప్పున, ఒక్కొక్కరికి 580 రూపాయల ఎనర్జీ ఛార్జీ పడుతుంది. ఇద్దరికీ కలిపి 1,160. అవే 300 యూనిట్లు ఒక మీటరులో తిరిగితే 200 దాకా 5.10, ఆపైన 7.70, మొత్తం 1,790. అదనపు కరెంటు ఒక్క యూనిట్ లేకుండానే 630 రూపాయలు పెరిగాయి. 200 యూనిట్లు దాటిన మీటరుకు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించదు గనుక, తెల్లకార్డున్నా ఆ రెండు కుటుంబాలకూ జీరో బిల్లు అందని ద్రాక్షే. పొదుపుగా వాడుకునేవారికి దుబారా చేసేవారి రేటు వేయడం శ్లాబుల ఉద్దేశం కాదు కదా!

బిల్లు మీద పేరెక్కితే అద్దెకున్నవాడు రేపు ఇల్లే తనదంటాడని ఓనర్ల భయం. గ్యాస్ కనెక్షన్ ఎప్పటినుంచో వాడుకునేవారి పేరు మీదే ఉంటోంది. గ్యాస్ బుక్కు చూపి ఇల్లు రాయించుకున్నవాడు లేడు. బకాయి పెట్టి ఉడాయిస్తే ఎలా అన్నది మీ ప్రశ్న. ఇప్పుడైతే ఆ బకాయి ఓనరు మెడకో, తర్వాత దిగినవారి మెడకో చుట్టుకుంటోంది. దిగేటప్పుడు డిపాజిట్టు, ఖాళీ చేసేటప్పుడు ఆఖరి రీడింగు తీసుకుంటే వాడినవారి అప్పు వాడినవారి దగ్గరే వసూలవుతుంది. ఈ మార్పుతో ముందు ఊపిరి పీల్చుకునేది ఓనరే. పదకొండు నెలలకోసారి మారే పేర్లను ఎవరు ఎక్కించాలంటారా? నెలనెలా మీటరు దగ్గరకు మీ మనిషి ఎలాగూ వస్తున్నాడు. పాత ఇళ్లలో పోర్షన్‌కో లైను లాగడం ఖర్చుతో కూడిన పనేనని ఒప్పుకుంటాను. అందుకే ఫ్లాటుకో మీటరు ఇప్పటికే ఉన్న అపార్టుమెంట్లతో మొదలుపెట్టండి. అక్కడ కొత్త తీగలక్కర్లేదు. ఓనరు పేరు కింద, అద్దె అగ్రిమెంటు చూసి, ఉంటున్నవారి పేరు రాసుకుంటే చాలు. పోర్షన్లలో ఉండేవారు తమ ఖర్చుతో విడి మీటరు అడిగితే, చట్టం చెప్పినట్టు, వారి సంతకం మీదే ఇవ్వండి.

ఇట్లు,
క్రమం తప్పకుండా ఇంకొకరి పేరున బిల్లు కట్టే
ఒక వినియోగదారు