హర్షిత బూతు మాటట!

మొత్తానికి పిల్లల ఆటల యాప్‌లన్నీ మడి కట్టుకున్నాయి. ఒకరు మొదలుపెట్టారో లేదో రెండోవారు, వారిని చూసి మూడోవారు, పోటీలు పడి ప్రకటనలు. అసభ్యమైన యూజర్‌నేమ్ ఎక్కడున్నా కృత్రిమ మేధ ఇట్టే పట్టేస్తుందట. తల్లిదండ్రులు ఇక నిశ్చింతగా నిద్రపోవచ్చట. శుభం. మా ఇంట్లో అప్పుడే ఒక అసభ్యురాలు దొరికిపోయింది. మా తమ్ముడి కూతురు, ఏడో తరగతి. పేరు హర్షిత.

సాక్ష్యం గట్టిదే. ఆ పేరు ఇంగ్లీషులో రాసి చూడండి. ఎస్, హెచ్, ఐ, టి... నడిమధ్యన నాలుగక్షరాలూ వరసగా నిలబడి ఉంటాయి. మనవాళ్లు 'త' కోసం టి పక్కన ఇంకో హెచ్ తగిలిస్తారు కదా, దానివల్లా లాభం లేదు. పేరు కొట్టగానే గడి చుట్టూ ఎర్ర గీత, కింద 'ఈ పేరు మా మర్యాదలకు తగదు, మరొకటి ఎంచుకోండి' అని హితబోధ. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో వాళ్ల నాన్న రాసిన పేరండీ అది! పురోహితుడు నక్షత్రం చూశాడు, పాదం చూశాడు. ఈ నాలుగక్షరాల దోషం పాపం ఆయన పంచాంగంలో లేదు.

పోనీ హర్షిత ఒక్కతేనా? రక్షిత, అక్షిత, లక్షిత, నిషిత, వాళ్ల తమ్ముళ్లు హర్షిత్, రక్షిత్. ఏ బడి హాజరు పట్టీ తిరగేసినా ఈ ముఠా కనిపిస్తుంది. దీక్షితుల వారైతే వంశమంతా దోషులే. ముత్తుస్వామి దీక్షితర్‌కు కృతులు కట్టడం వచ్చేమో కానీ ఖాతా తెరవడం ఆయన తరం కాదు. పిల్లల కోసం అన్ని కథలు రాసిన చింతా దీక్షితులు గారిని, పిల్లలకు హాని అని ఇవాళ గుమ్మంలోనే ఆపేస్తారు.

మా పిల్ల చురుకైనది. ఐ తీసేసి అక్కడ ఒకటి అంకె పెట్టింది. తలుపు తెరుచుకుంది. బూతురాయుళ్లు వాడే కిటుకు కూడా సరిగ్గా ఇదే. పన్నెండేళ్ల పిల్ల తన సొంత పేరు రాసుకోవడానికి వాళ్ల విద్య నేర్చుకోవాల్సి వచ్చింది.

సరే, లోపలికి వెళ్లింది. లోపల ఎవరున్నారు? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు అమ్మనాబూతును పేరుగా పెట్టుకున్నవాడొకడు. ఒక హీరో అభిమాని, ఇంకో హీరో తల్లిని తన పేరులోనే తిట్టేవాడు. ఒక కులం పేరుకు ఒక నీచమైన మాట అతికించుకుని తిరిగేవాడు మరొకడు. ఒక్కటీ ఇక్కడ అచ్చు వేయలేను. ఒక్క అక్షరం మార్చుకోవాల్సిన అవసరం కూడా వాళ్లకు రాలేదు. ఫిర్యాదు చేశాను. 'పరిశీలించాం, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు' అని జవాబు.

ఎలా కనిపిస్తుంది? చూసినవాడికి తెలుగు వస్తేగా! 2011 జనాభా లెక్కల్లోనే ఈ దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. సంక్రాంతికి ముగ్గుల బొమ్మేసి అచ్చ తెలుగులో ఆఫర్లు పంపడానికి ఈ కంపెనీలకు భాష వస్తుంది. డబ్బు తీసుకునేటప్పుడు వచ్చే భాష, తిట్టు తీసేయాల్సినప్పుడు రాదు. ఇంటి ఆడపిల్లను వీధిలో నిలబెట్టి, దొంగకు పీట వేసి కూర్చోబెట్టినట్టుంది వీళ్ల కాపలా. పిల్లల భద్రత అనే మాట వాడడానికి సిగ్గుండాలి. తెలుగొచ్చిన నలుగురికి జీతమివ్వడం ఇష్టం లేక చేస్తున్న పని ఇది. దీనికి మేధ అని పేరొకటి.

కొత్త జబ్బయితే క్షమించొచ్చు. 1996లో ఇంగ్లండులోని స్కంథార్ప్ ఊరివాళ్లను, ఊరి పేరులో బూతు దాక్కుని ఉందని ఏఓఎల్ ఖాతాలు తెరవనివ్వలేదు. అప్పటినుంచీ ఈ జబ్బుకు ఆ ఊరి పేరే స్థిరపడింది. 2008లో అమెరికాలో ఒక వార్తా సంస్థ కంప్యూటరు, పరుగు వీరుడు టైసన్ గే పేరును టైసన్ హోమోసెక్సువల్ అని దిద్ది ప్రచురించింది. 2020లో శిలాజ శాస్త్రవేత్తల ఆన్‌లైన్ సభలో 'బోన్' అనే మాట నిషిద్ధం. ఎముకల మీద బతికేవాళ్లు ఎముక అనకూడదు! అదే సభలో వాంగ్ అన్న చైనా ఇంటిపేరునూ ఆపేశారు. ముప్పయ్యేళ్లుగా ముదిరిన రోగాన్ని ఇప్పుడు కొత్త మందు అని మనకు అమ్ముతున్నారు.

కాబట్టి హర్షితల, రక్షితల అమ్మానాన్నలకు ఒక మాట. పిల్ల పేరులో అంకెలు పెట్టించకండి. 2021 ఐటీ నిబంధనలు ఇలాంటి సంస్థలు గ్రీవెన్స్ ఆఫీసరు పేరూ సంప్రదింపు వివరాలూ బయటపెట్టాలన్నాయి. యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది, వెతికి పట్టుకుని రాయండి. ఆయన జవాబు నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోగా కేంద్రం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. లోపల తిరుగుతున్న బూతు పేర్ల స్క్రీన్‌షాట్లూ జతచేయండి. పక్కనే వాటి అర్థం కూడా రాయండి. వాళ్లకు తెలుగు రాదు.