బావది ఏ కుటుంబం?

మా బావ ఉండేది పహాడీ షరీఫ్‌లో, దర్గా గుట్ట కింద. అక్కణ్నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మనిషి మాత్రం ఎప్పుడూ సముద్రం అడుగునే ఉంటాడు. జువాలజీ లెక్చరర్‌గా రిటైరైన మర్నాటి నుంచి సముద్రపు సాలీళ్ల మీద పడ్డాడు. కలకత్తా ఇండియన్ మ్యూజియంలోని వాటి గురించి 1923లో కాల్మన్ రాసిన వ్యాసం జిరాక్స్, బీరువాలో రేషన్ కార్డు కంటే భద్రంగా ఉంటుంది.

ఇంటికెవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు హార్లిక్స్ సీసా వస్తుంది. అందులో స్పిరిట్, స్పిరిట్‌లో చిక్కుపడ్డ దారప్పోగు లాంటి గోరంత జీవి. విశాఖ నుంచి శిష్యుడెవరో తెచ్చిచ్చాడట. "సాలీడా?" అన్నారో, ఆ పూట అయిపోయినట్టే. పేరుకే సాలీడట, అసలు సాలీళ్లకు దూరపు చుట్టమట. గూడు అల్లదు. ఊపిరంతా చర్మంతోనే. నడుమెంత సన్నమంటే, పేగులు చోటు చాలక కాళ్లలోకి దిగాయి. 1300 పైచిలుకు జాతులు. లోతునీళ్ల కొలొసెన్డీస్ కాళ్లు చాపితే 70 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

"మరి ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?" అని ఓసారి నోరు జారాను. భూతద్దం చేతికొచ్చింది. మూతి దగ్గర పట్టుకొమ్ములున్నాయా, వాటి వెనక తడిమి చూసుకునే మీసాలున్నాయా, గుడ్లు మోసే బుల్లికాళ్లకు ఎన్ని కణుపులు? ఉన్నవీ లేనివీ చూస్తే కుటుంబం తేలుతుంది. ఎనిమిది కాళ్లనే నమ్ముకోవద్దు, పది కాళ్లవీ పన్నెండు కాళ్లవీ ఉన్నాయి.

నేనూ తగ్గకుండా మన గుత్తి నీలం సాలీడు సంగతెత్తాను, 1899లో పోకాక్ దొర పేరు పెట్టింది. "అది సాలీడే కదరా" అన్నాడు, సాలీడై పుట్టడం దాని తప్పైనట్టు.

అక్క వంటింట్లోంచి అందుకుంది. "వాటిల్ల మగోడే గుడ్లు మోస్తడంట గదా, నువ్వు గా పాలపాకిట్లన్న మోసుకరా!"

బావ తడుముకోలేదు. "కొలొసెన్డీస్‌ల మొయ్యడు. అంటార్కిటికా దాని మీద 2024ల తేల్చిన్రు. గుడ్లు తీస్కపోయి అడుగున రాళ్లకు అంటిస్తడు, అంతే. నాది గా కుటుంబం."

పాలు నేనే తెచ్చాను.

సాయంత్రం డాబా మీద కూర్చుంటే శంషాబాద్‌లో దిగబోయే విమానాలు కనిపిస్తాయి. బావ తలెత్తి చక్రాలు లెక్కపెడతాడు. "పద్నాలుగు. 777." ఈయనకు పిచ్చి ముదిరిందనుకుంటూ బస్సెక్కాను. శ్రీశైలం రోడ్డు మీద ట్రాఫిక్‌లో పక్కన లారీ ఆగింది. పన్నెండు టైర్లు. కిటికీలోంచి వంగి, ముందు ఏమైనా కొమ్ములున్నాయా అని చూసేలోపు కదిలిపోయింది.